రెండు వందల పన్నెండో సీసా

దాలయ్య ఒంటి నుంచి ఏ వాసనా రాదు. ఈ సంగతి లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి హైమవతి. అయినా ఆ సోమవారం పొద్దున గుమ్మం మీద ఎర్ర దీపం వెలగగానే అందరికన్నా ముందు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నది ఆవిడే.

ఆవిడ ముక్కు అలాంటిలాంటి ముక్కు కాదు. కోనవలస గంధ పరిశోధనాలయంలో ఇరవై ఏళ్లుగా వాసనలు విడదీసి పేర్లు పెట్టడమే ఆవిడ పని. పొద్దున కాచిన పాలు సాయంత్రానికి విరుగుతాయో లేదో మూత తీయకుండా చెప్పగలదు. మా కోడలికి కోపమూ ముక్కు మీదే, కూడూ ముక్కు మీదేనని అత్తగారు వెంకటరత్నం పదిమందిలో గొప్పగా చెప్పుకునేది.

ఆ ముక్కూ ఇంకో పది బుర్రలూ కలిసి మూడేళ్లు కష్టపడి కనిపెట్టిన యంత్రం పేరు గంధద్వారం. చూడటానికి మామూలు ఇనప గుమ్మం. మనిషి అందులో మూడు క్షణాలు నిలబడితే చాలు, పక్కనున్న చిన్న ఫ్యాను అతని ఒంటి మీది గాలిని లోపలికి లాక్కుంటుంది. చెమటలోంచి ఎగిరే అణువులు ఏ ముక్కుకీ అందనంత సన్నవి. లోపలి పొరలు వాటిని పట్టి, 'నేర గంధం' అని చీటీ అంటించిన సీసాలతో పోల్చుకుంటాయి. పోలిక కుదిరితే ఎర్ర దీపం, కుదరకపోతే పచ్చ. నోరు అబద్ధం చెప్పొచ్చు గానీ ఒళ్లు చెప్పలేదని డైరెక్టర్ సుదర్శనం ఎక్కడ మైకు దొరికితే అక్కడ అనేవారు.

తొలి ద్వారాన్ని పరిశోధనాలయం గుమ్మానికే బిగించారు. సరిగ్గా అప్పుడే, అంతకు ముందు శుక్రవారం, ప్రయోగాల్లో పొడులు కాల్చే ప్లాటినం మూకుడు ఒకటి కనబడకుండా పోయింది. అరచేతిలో ఇమిడేంత చిన్నది, విలువ మాత్రం కొండంత. దొంగెవరో ద్వారమే చెబుతుందని సుదర్శనం సిబ్బందిని వరసలో నిలబెట్టారు. పోలీసు జీపు ముందే వచ్చి వాకిట్లో ఆగింది. ముప్ఫై ఒక్కమందికి పచ్చ పడింది. ఆఖరున అటెండరు దాలయ్య వచ్చి నిలబడ్డాడు. ఎరుపు పడింది.

పన్నెండేళ్లుగా ఆ గాజు సామాను కడిగిన మనిషి. పదకొండింటికల్లా అందరి బల్లల మీదా టీ గ్లాసులు పెట్టిన మనిషి. అతని చేతి టీ తాగిన ముప్ఫై ఒక్కమందీ ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి వేసి ముక్కులు మూసుకున్నారు. కిందటేడు చేరిన చిన్మయి అనే అమ్మాయి, ఇన్నాళ్లూ ఎలా భరించామండీ అని నొసలు చిట్లించింది. యంత్రం పట్టేది మనుషుల ముక్కుకి అందని వాసన అని ఆ గదిలో అందరికీ తెలుసు. చదువుకున్నవాళ్లు కదా, తెలిసి కూడా మూసుకోగలరు.

ఆ క్షణాన హైమవతికి నిజంగానే కంపు కొట్టింది. వానకి తడిసి ముక్కిన గోనెసంచి కంపు. తర్వాత తన ముక్కంటే తనకే రోత పుట్టడానికి కారణం ఆ గోనెసంచే.

దాలయ్య అందరినీ వదిలేసి ఆవిడకేసే చూశాడు. "నాను తియ్యనేదమ్మగోరూ" అన్నాడు. కానిస్టేబుల్ అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఏదో తట్టినట్టు ఆగి, లాఠీతో జీపు వైపు చూపించాడు.

మూకుడు ఎక్కడ దాచాడో చెప్పేదాకా దాలయ్యకి ఉద్యోగం లేదన్నారు. రోజూ స్టేషనుకొచ్చి బయటి బల్ల మీద కూర్చోవాలని ఎస్సై హుకుం. నెల తిరక్కుండా రైతుబజారుకీ, ఆస్పత్రికీ, పెద్ద బడికీ పరీక్ష కోసమని ద్వారాలు వెలిశాయి. ఎరుపు పడ్డవాళ్లందరూ ప్రతి ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టాలని కొత్త నిబంధన వచ్చింది. కర్పూరం దట్టించిన చిన్న గుడ్డలు ముక్కుగుడ్డలన్న పేరుతో ప్రతి కొట్లోనూ వేలాడాయి. జనం వాటిని జేబుల్లో పెట్టుకుని, ఎవరికి ఎప్పుడు ఎరుపు పడుతుందా అని ద్వారాల దగ్గర పనిమాలా నిలబడేవారు. పడగానే ఆ మొహాల్లో వెలిగే సంబరం చూస్తే ఎవరికైనా కడుపులో తిప్పాలి. ఎవరికీ తిప్పలేదు.

హైమవతి భర్త సన్యాసిరావు డిగ్రీ కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాడు. ఇంట్లో భార్య జీతమే ఘనం కాబట్టి ఆవిడ పనిలో తలదూర్చే అలవాటు అతనికి లేదు. ఒక సాయంత్రం బాల్కనీలో ఉప్మా ప్లేటుతో నిలబడి కింద పిల్లల ఆట చూస్తున్నాడు. ఇద్దరు పిల్లలు చేతులు కలిపి ద్వారంలా నిలబడ్డారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే కింద నుంచి దూరుతున్నారు. ఎరుపు అని అరవగానే అందరూ ముక్కులు మూసుకుని ఆ పిల్లని గేటుదాకా తరుముతున్నారు. నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ ఎరుపు పడింది కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న గురువులు కూతురికే. ఆ పిల్ల నవ్వుతూనే పరిగెత్తుతోంది. నాలుగోసారి నవ్వు కొంచెం తగ్గింది.

అతను లోపలికొచ్చి, చూసింది చెప్పి, మీ సీసాల్లో చెమట ఎవరిదని భార్యని అడిగాడు. హాజరీపేట వాళ్లదని హైమవతి చెప్పింది.

హాజరీపేట పేరు ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే. ఊరూరా తిరిగి బుట్టలల్లుకుని బతికే జనాన్ని ఒకప్పుడు తెల్లదొరలు పట్టుకొచ్చి, పుట్టుకతోనే దొంగలని కాగితం మీద రాసి, అక్కడ కుదేసి, పూటపూటా హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం పోయి మూడు తరాలైంది. చట్టం పోయింది గానీ పుస్తకం పోలేదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున పేటలోని మగవాళ్లంతా స్టేషనుకొచ్చి సంతకం పెట్టి వెళతారు. ఎందుకు రావాలని అడిగిన మగాడు లేడు, ఎందుకొస్తున్నారని అడిగిన ఎస్సై లేడు.

నేరస్తుల చెమట కావాల్సి వచ్చినప్పుడు జైలు అనుమతికి ఆర్నెల్లు పడుతుందని తెలిసింది. ఆదివారం స్టేషనుకి వెళితే రెండు వందల మంది ఒక్కచోటే దొరుకుతారు కదా అన్న సులువు హైమవతిదే. ఆ సులువుకి మెప్పు కూడా పొందింది. ఆరింటికే వచ్చి వరస కట్టిన వాళ్లని ఎస్సై తొమ్మిదింటిదాకా ఎండలో నిలబెట్టాడు. ఆవిడ గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి చేతా చెయ్యెత్తించి, చంకలో దూదితో తుడిచి సీసాలో వేసింది. పళ్లెం పట్టుకున్నది దాలయ్యే. అతనిదీ ఆ పేటే. మధ్యలో పళ్లెం కింద పెట్టి, వరసలో నిలబడి, తన సంతకం తను పెట్టి మళ్లీ వచ్చి పళ్లెం ఎత్తుకున్నాడు. రెండు వందల పదకొండు అయ్యాక ఒక్క సీసా మిగిలింది. ఖాళీగా తీసుకెళ్లడం ఎందుకని, నువ్వూ చెయ్యెత్తు దాలయ్యా అంది. ఎత్తాడు. నేర గంధం, 212 అని తన చేత్తోనే రాసి అంటించింది.

"మరి మంచివాళ్లవి?" అన్నాడు సన్యాసిరావు.

మంచివాళ్ల సీసాలు ఆఫీసర్ల క్లబ్బులో పట్టారు. చల్లని హాల్లో, ఇడ్లీలు తిన్నాక.

సన్యాసిరావు ప్లేటు బల్ల మీద పెట్టేశాడు. "మీరు దొంగల చెమట పట్టలేదు హైమా. పోలీసు కోసం ఎండలో నిలబడ్డవాళ్ల చెమట పట్టారు. నీ గుమ్మానికి దొంగతనం తెలీదు. భయం తెలుసు. అదీ, పోలీసు అంటే ఉండే భయం."

ఆవిడ ఒప్పుకోలేదు. సంఖ్యలు చెప్పింది, పొరల గురించి చెప్పింది. అతను అంతా విని, నువ్వెప్పుడైనా స్టేషను అరుగు ముందు మూడు గంటలు నిలబడ్డావా అని అడిగాడు. లేదంది. నేనూ నిలబడలేదు, అందుకే ఈ ప్రశ్న అడగడానికి నాకూ ఇన్నాళ్లు పట్టిందన్నాడు. ఆ భయం ఎరగని ఇళ్లలో పుట్టినవాళ్లు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు అది. పదకొండు మంది శాస్త్రవేత్తలు, ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు గురువులు ఇస్త్రీ బట్టల మూటతో పాటు చిన్న పొట్లం కూడా తెచ్చాడు. అమ్మగారి తెల్లకోటు జేబులో ఉండిపోయిందని, నెల్లాళ్లుగా మూటల అడుగున పడి ఉన్న కోటు ఇవాళే తీశానని చెప్పాడు. "ఎండి గిన్నెనాగుంది. సూసుకోండమ్మా" అని పొట్లం విప్పాడు.

ప్లాటినం మూకుడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ శుక్రవారం మూకుడు తుడుస్తుంటే ఫోను మోగింది. మాట్లాడుతూ జేబులో వేసుకుంది. కోటు విప్పి ఇస్త్రీకిచ్చే బట్టల్లో పడేసింది. ఎవరూ దొంగిలించలేదు. దొంగే లేని దొంగతనానికి దాలయ్య నెల్లాళ్లుగా స్టేషను బల్ల మీద కూర్చున్నాడు. హైమవతి గురువులు మొహం చూడలేకపోయింది. నిన్న అతని కూతుర్ని గేటుదాకా తరిమిన ఆట తన ఇంటి ముందే జరిగింది, ఆ ఆటకి యంత్రం ఇచ్చింది తనే.

తిన్నగా డైరెక్టర్ గదికి వెళ్లి మూకుడు బల్ల మీద పెట్టింది. సుదర్శనం భోజనం చేసి పళ్లలో పుల్ల పెట్టుకుంటున్నారు. ఆవిడ చెప్పిందంతా శాంతంగా విన్నారు. పుల్ల చివరకి వచ్చినదాన్ని ఒకసారి చూసుకుని, మళ్లీ నోట్లో పెట్టుకున్నారు.

"ఇది దొరకలేదు. మీరు తేలేదు, నేను చూడలేదు" అన్నారు.

దాలయ్య సంగతేమిటని ఆవిడ అడిగింది.

"ఇవాళ తియ్యకపోతే రేపు తీసేవాడేనండీ. ద్వారం కాస్త ముందుగా పట్టింది, అంతే."

వచ్చే గురువారం బస్టాండులో పెద్ద ద్వారం ప్రారంభమని, ఆపైన నలభై ఊళ్లకి పంపాలని, శిలాఫలకం మీద ఆవిడ పేరే ముందు చెక్కిస్తానని చెప్పారు. హైమవతి తలుపు తీసుకుని వస్తూ అలవాటు కొద్దీ ఆ గదిలో గాలి పీల్చింది. తమలపాకు, గంధం, నిమ్మళంగా అరుగుతున్న భోజనం. ఆయనకి చెమటే పట్టలేదు. ఆ మనిషి ఈ జన్మలో ఏ ద్వారంలోంచి వెళ్లినా పచ్చే పడుతుంది.  ఆవిడ వెనక్కి తిరిగి, బల్ల మీది మూకుడు గుప్పిట్లో పెట్టుకుని బయటికి నడిచింది.

ఆవిడ వేసుకున్న ఉపాయం చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేంత తేలిక. పోయిన వస్తువు తన చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకుని అందరి ముందూ ద్వారంలోంచి నడుస్తుంది. పచ్చ పడుతుంది. పడ్డాక చెయ్యి పైకెత్తి, చూడండి, వస్తువు నా దగ్గరుంటే మీ ద్వారం నన్ను పట్టలేదు, ఏమీ తియ్యనివాణ్ణి పట్టింది, దీనికి తెలిసింది భయమే అంటుంది. ఒక్క దీపంతో దాలయ్య ఇంటికి వెళ్లిపోతాడు. సన్యాసిరావు విని, ఇంతకన్నా తిన్నని దారి లేదన్నాడు. వంకర లోకంలో తిన్నని దారి ఎక్కడికి పోతుందో సమాజశాస్త్రం చెప్పే అతనికీ తోచలేదు.

గురువారం బస్టాండు నిండా జనం. వేదిక మీద అధికారులు, వేదిక కింద పోలీసులు, ఓ పక్క విలేకరులు. ముందు సుదర్శనం నడిచారు. పచ్చ. చప్పట్లు. తర్వాత యంత్రానికి ముక్కునిచ్చిన తల్లి అంటూ మైకులో హైమవతిని పిలిచారు.

పది అడుగులు. మూడో అడుగుకి, ద్వారం పక్కనున్న ఎస్సై తన గుప్పిట కేసి చూస్తున్నట్టు అనిపించింది. ఐదో అడుగుకి సుదర్శనం చిరునవ్వు ఆగిపోయింది, ఆయనకి అర్థమైపోయింది. ఉద్యోగం పోతుంది. కేసు పెడతారు. పెడితే స్టేషనుకి వెళ్లాలి. తన ఇంట్లో ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరూ ఏనాడూ కేసుతో స్టేషను మెట్టెక్కలేదు. అరచేతిలో మూకుడు జారింది. ఎందుకు జారిందా అని చూసుకుంటే చెయ్యి తడిసిపోయి ఉంది. నలభై ఏడేళ్లలో మొదటిసారి ఆవిడ పోలీసుకి భయపడింది.

అప్పటికే ద్వారంలో ఉంది. ఫ్యాను చిన్నగా గాలి లాక్కుంది. ఒకటి, రెండు, మూడు.

ఎరుపు.

 వెయ్యి ముక్కుగుడ్డలు ఒక్కసారి పైకి లేచాయి. ఎస్సై ఆవిడ గుప్పిట విప్పించాడు. మూకుడు ఎండలో తళుక్కుమంది. హైమవతి అరిచి చెప్పింది, యంత్రం తనలో పట్టింది భయమేనని, దాలయ్యదీ భయమేనని, సీసాలు తప్పని, చీటీలు తప్పని. ఒక్క ముక్క ఎవరికీ ఎక్కలేదు. ఎరుపు పడ్డ మనిషి చేతిలో పోయిన సొత్తు కళ్లముందు కనబడుతుంటే మాటలు ఎవడికి కావాలి.

సుదర్శనం మైకు అందుకున్నారు. గొంతులో కాస్త తడి కూడా తెచ్చుకున్నారు. "మన ద్వారానికి తన, పర భేదం లేదు. కన్నతల్లినే పట్టిచ్చింది" అన్నారు. బస్టాండు రేకులు ఎగిరిపోయేలా జనం చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా ఇంకో యాభై ఊళ్లు మాకూ కావాలన్నాయి.

దాలయ్యని వదలలేదు. ఆవిడ తీసింది, అతను బయటికి చేర్చాడు అని కేసు మరింత అందంగా కుదిరింది. జామీను మీద ఇంటికొచ్చిన హైమవతికి ఎదురుగా అత్తగారు కిటికీలు తీస్తూ కనబడింది. ఇంట్లో ఏదో ముక్క వాసనగా ఉందమ్మా అంది, కోడలి వైపు చూడకుండా. సన్యాసిరావు వెళ్లి ఒక్కొక్క కిటికీ మూశాడు. సాయంత్రానికి అన్నీ మళ్లీ తీసి ఉన్నాయి.

ఆదివారం ఆరింటికి హైమవతి స్టేషను ముందు వరసలో నిలబడింది. ఆవిడ కుర్చీ వేయించుకున్న చోటు తెలుస్తూనే ఉంది, ఇప్పుడక్కడ గొడుగు లేదు. హాజరీపేట మగవాళ్లు, వాళ్ల వెనక కొత్తగా ఎరుపు పడ్డవాళ్లు. చేపల గంప ఆవిడ, రిక్షా అతను, ఆస్పత్రి తుడిచే ఇద్దరు ఆడవాళ్లు. ఆఫీసర్ల క్లబ్బు నుంచి ఒక్కరూ లేరు.

దాలయ్య ఆవిణ్ణి చూసి పక్కకి జరిగి గోడనీడలో చోటిచ్చాడు. ఆవిడ ముందుగా చెప్పదలుచుకున్నది చెప్పింది. మూకుడు తన జేబులోనే ఉందని, ఆ రోజు కొంగు ముక్కుకి పెట్టుకున్నానని, ఏ వాసనా రాకపోయినా వచ్చిందనుకున్నానని.   అతను పోనీలెండి అనలేదు. అనివుంటే ఆవిడకి కాస్త తేలికయ్యేది.

"ఊపిరి బిగబట్టకండమ్మగోరూ. బిగబడితే సెమట ఎక్కువ పడతాది" అన్నాడు. "ఆరింటికొచ్చినా తొమ్మిదవుద్ది. నీడ పోయినా ఎండలో అలాగే నిలబడాల. ఎవుడి కేసీ సూడకూడదు."

తొమ్మిదింటికి జీపు దిగింది చిన్మయి. వెనక కొత్త అటెండరు పళ్లెం నిండా ఖాళీ సీసాలు తెచ్చాడు. ద్వారాల్లో ఆడవాళ్లని ఇంకా బాగా పట్టడానికి ఆడవాళ్ల నమూనాలు చాలడం లేదట. గొడుగు వేశారు, కుర్చీ వేశారు. వరసలో మొదటి ఆడమనిషిగా హైమవతిని చూసి చిన్మయి తల దించేసుకుంది. ముక్కుగుడ్డ మాత్రం దించలేదు.

కానిస్టేబుల్ విసుక్కున్నాడు. "ఏవమ్మా, చెయ్యెత్తు."

హైమవతి చెయ్యెత్తింది. దూది చల్లగా తగిలింది. సీసాలో పడేలోపు ఆవిడ అడిగింది, ఒక్కసారి ఇలా ఇవ్వమని. చిన్మయి తటపటాయించి అందించింది. ఇరవై ఏళ్లు లక్ష వాసనలకి పేర్లు పెట్టిన ముక్కుతో ఆ దూదిని నిదానంగా చూసింది. సున్నిపిండి, ఎండ, కాస్త ఉప్పు. అంతకుమించి ఏమీ లేదు.

"దీనికే కంపూ లేదు చిన్మయీ. ఆ గుడ్డ తీసి నువ్వే చూడు."

చిన్మయి మంచి పిల్ల. చెప్పిన పని శ్రద్ధగా చేసే పిల్ల. గుడ్డ పక్కకి తీసి, దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని, నిజంగానే పీల్చి చూసింది. మొహం వికారంగా ముడుచుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వస్తోంది మేడమ్" అంది.

దూది సీసాలో వేసి మూత బిగించింది. చీటీ మీద నేర గంధం, 213 అని గుండ్రంగా రాసి, జాగ్రత్తగా నొక్కి అంటించి, పళ్లెంలో పెట్టింది. వరసలో తర్వాతి మనిషిని రమ్మంది.